పాడ్యమి నాటి వీక్లీ టెస్టు

చదువుకు విశ్రాంతి అవసరమన్న అపోహ ఈ దేశంలో చాలాకాలం రాజ్యమేలింది. వేదపాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలను అనధ్యయన దినాలుగా, అంటే గురువు చెప్పకూడని, శిష్యుడు చదవకూడని దినాలుగా పాటించేవారు. అకాలంలో ఉరిమినా, ఇంటికి పెద్దవారు అతిథిగా వచ్చినా పాఠం ఆగిపోయేది. సుందరకాండలో లంక నుంచి తిరిగివచ్చిన హనుమంతుడు, సీతమ్మ ఎంతగా చిక్కిపోయిందో వానరులకు చెబుతూ, ఆమెను పాడ్యమి నాడు చదివేవాడి విద్యతో పోల్చాడంటే, ఈ అపోహ కిష్కింధ దాకా పాకిందని గ్రహించాలి. ఈ వెనుకబాటును సరిదిద్దిన ఘనత తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ జూనియర్ కళాశాలలది.

ఈ విద్యావిధానంలోని కొన్ని పారిభాషిక పదాలను ఇక్కడ వివరించడం అవసరం. స్టడీ అవర్ అంటే, తెల్లవారకముందే మొదలై, మధ్యలో తరగతులకూ భోజనానికీ కాస్త చోటిచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా సాగే కాలవిశేషం. ఇందులో లెక్చరర్ పాఠం చెప్పడు, విద్యార్థి మాట్లాడడు, ఇద్దరూ ఒకరు నిద్రపోకుండా ఒకరు కాపలా కాస్తారు. ఔటింగ్ అంటే, నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం అమ్మానాన్నలతో గేటు దాటి, బిర్యానీ తిని, వారి ముందే గత టెస్టు మార్కులకు సంజాయిషీ ఇచ్చుకుని, చీకటి పడేలోగా రోల్‌కాల్‌కు హాజరుకావడం. నిద్ర అన్న పదానికి మాత్రం టైంటేబుల్‌లో ప్రత్యేకమైన గడి లేదు. మిగిలిన గళ్లన్నీ నిండాక మిగిలేదే నిద్ర. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, నేర్చుకున్న విషయం మేలుకొని గడిపిన గంటల తర్వాత కంటే నిద్రపోయి లేచాక ఎక్కువగా గుర్తుంటుందని తేల్చారు. అయితే ఆ ప్రయోగంలో పాల్గొన్నది ఇద్దరే విద్యార్థులు కనుకనూ, ఆ ఇద్దరికీ ఎంసెట్‌లో ర్యాంకు వచ్చిన దాఖలా లేదు కనుకనూ, దాని ఫలితాన్ని మన యాజమాన్యాలు పరిగణనలోకి తీసుకోలేదు.

2024 జనవరిలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ కోచింగ్ కేంద్రాల నియంత్రణ కోసం రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలను చదివితే, వాటిని రాసిన అధికారి పూర్వాశ్రమంలో ఏదో వేదపాఠశాలలో చదివి ఉంటాడన్న అనుమానం రాక మానదు. రోజుకు 5 గంటలకు మించి తరగతులు వద్దని, విద్యార్థులతోపాటు బోధకులకూ వారానికో సెలవు ఉండాలని, పండుగలకు పిల్లలు ఇంటివారితో గడిపేలా సెలవులు సర్దాలని, వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టరాదని అందులో ఉంది. ఈ చివరి నియమాన్ని తుచ తప్పకుండా పాటించే మార్గం చాలా సులువు: పరీక్షను సెలవు నాడే పెట్టేయడం.

అసలు ఈ మార్గదర్శకాలు వర్తించేది ఎవరికన్నది మరింత రసవత్తరమైన ప్రశ్న. రోజుకు 5 గంటల నియమం గురించి అడిగితే, తమది ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు ఉన్న కళాశాలే తప్ప కోచింగ్ కేంద్రం కాదని జవాబు వస్తుంది. పోనీ బోర్డు ప్రకటించిన దసరా సెలవుల్లో తరగతులేమిటని అడిగితే, సెలవులు కళాశాలకని, జరుగుతున్నది కోచింగ్ అని అదే నోటితో జవాబు వస్తుంది. ఈ అద్వైతాన్నే బ్రోషర్లలో ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్ అంటారు. తనిఖీకి వచ్చిన అధికారికి కళాశాలగానూ, రిసెప్షన్‌లో చెక్కు రాస్తున్న తండ్రికి కోచింగ్‌గానూ కనిపించగల భవనాన్ని మయుడు సైతం కట్టలేదు. ఇక్కడ యాజమాన్యాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయమవుతుంది. వారం రోజులు సెలవిస్తే, ఇంత ఫీజు కట్టింది పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెట్టుకోవడానికా అని ఫోన్ చేసే తండ్రి ఆ వ్యవస్థకు పోషకుడే కాదు, వాచ్‌మన్ కూడా.

సర్కారు బడి పంతులు కష్టం వేరు. పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడు తప్ప ఉపాధ్యాయులకు బోధనేతర పనులు అప్పగించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆమధ్య ఉపాధ్యాయుల చేత బడి మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించిన పని ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో చట్టం విప్పి చెప్పలేదు కానీ, కొన్ని ఫొటోలు చూసినవారు దాన్ని విపత్తు సహాయంగానే జమకట్టి ఉంటారు.

కార్పొరేట్ లెక్చరర్‌కు ఆ బాధ లేదు. అతని బాధ పేరు అడ్మిషన్ టార్గెట్. అంటే, వచ్చే ఏడాది తాను పాఠం చెప్పబోయే విద్యార్థులను తానే ఊరూరా తిరిగి వెతికి తెచ్చుకోవడం, తేలేకపోతే ఆ ఏడాది తన ఉద్యోగాన్ని వెతుక్కోవడం. ఈ పని క్లాసులున్న రోజుల్లో కుదరదు కనుక సహజంగానే సెలవుల్లో పడుతుంది. సంక్రాంతికి సొంతూరు వెళ్లిన లెక్చరర్, కనుమ నాడు మేడ మీద గాలిపటం ఎగరేస్తున్న పదో తరగతి కుర్రాణ్ని పిలిచి, ఏ బడి, ఎన్ని మార్కులు వస్తున్నాయి, నాన్నగారి నంబరు ఎంత అని అడిగి, బ్రోషర్ చేతిలో పెట్టి, పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచే బ్రిడ్జి కోర్సు మొదలని చెబుతాడు. అప్పటికి ఆ ఇద్దరూ సెలవులోనే ఉన్నారు కనుక, ఏ మార్గదర్శకం ప్రకారం చూసినా ఇందులో ఉల్లంఘన ఏమీ లేదు.