ఎలుకలు లెక్కపెట్టబోయే పరిశోధకులకు అమూల్య సలహాలు

అనంతపురం ఎర్రనేలల్లో ఎలుకలెన్నో తేల్చే పని మీ నెత్తిన పడిందా? భయపడకండి. మొదటి రాత్రి వేరుశనగ ఎర పెట్టిన బోన్లలో పడిన 40 ఎలుకల చెవులకు బిళ్ళలు తగిలించి వదిలేయండి. కొన్నాళ్ళకు మళ్ళీ బోన్లు పెడితే 30 పడ్డాయి, వాటిలో 10కి బిళ్ళలున్నాయి అనుకుందాం. 40ని 30తో హెచ్చవేసి 10తో భాగిస్తే 120. అంతే. ఈ దారి 1896లో పీటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు చేపలతో వేశాడు, 1930లో లింకన్ అనే మరొకాయన బాతులకు వాడాడు. చేపకూ బాతుకూ వేరుశనగ రుచి తెలియదు కాబట్టి మనమూ ఎలుక మనసు గురించి ఆలోచించనక్కర్లేదు.

బోనులో పప్పులు తిని క్షేమంగా బయటపడ్డ ఎలుక, పండక్కి అల్లుడొచ్చినట్టు ప్రతిసారీ వస్తుంది. రానివ్వండి. ఆ 30లో 20 అవే అయితే జనాభా 60కి దిగుతుంది. చెవి కుట్టిన బాధ మరవనివి మొహం చాటేసి, 5కే బిళ్ళలుంటే 240కి ఎగబాకుతుంది. చేలో ఎలుకలు మాత్రం అన్నే! మీ గైడుకు నచ్చిన అంకె ఎంచుకోండి.

కోతలయ్యాక నేలలో కాయలు రాలి ఉన్నప్పుడు ఆ వేరుశనగనే ఎరగా పెట్టండి. బోన్లు ఖాళీగా ఉంటే ఎలుకల్లేవని రాసేయొచ్చు. కరువేడాది పక్క చేలవి కూడా వాసన పట్టి వస్తాయి, వాటినీ మీ ఎకరంలోనే కలుపుకోండి. పౌర్ణమి మరీ శ్రేష్ఠం, టార్చి బ్యాటరీలు మిగులుతాయి. గుడ్లగూబ భయంతో జెర్బిల్ ఎలుకలు బొరియ వదలకపోతే అది వాటి ఖర్మ. పొద్దున టిఫినయ్యాకే బోన్లు చూడండి. అల్యూమినియం బోనులో ఎండకు బిళ్ళవి చస్తే అవి మళ్ళీ పడవు, జనాభా లెక్కేమో పెరుగుతుంది.

స్థానికులను నమ్మకండి. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడని కలివి కోడి 1986లో కడప జిల్లాలో దొరికిందంటే, అది రాత్రి తిరిగే పక్షని ఎరిగి టార్చి వెలుగులో పట్టుకున్న స్థానికుడి పుణ్యం. అతనికి పీహెచ్‌డీ లేదు, కనుక అది పద్ధతి కిందికి రాదు.

రైతు మాట అసలే వినకండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానమని, జింక్ ఫాస్ఫైడ్ మందు తిని బతికింది మళ్ళీ ఆ ఎర ముట్టదని అంటాడు. అందుకే ముందు ఒకటి రెండు రోజులు మందు కలపని నూకలకు నూనె పట్టించి పెడతాడట. మిమ్మల్నీ బోను తలుపు పడకుండా కట్టి, రెండు రాత్రులు ఊరికే మేపమంటాడు. దండగ ఖర్చు. కొత్త బోను తెచ్చిన రాత్రే తలుపు బిగించండి.