సగం సంచి వ్రతం

ఏడు కర్రల వ్రతం గోల్ఫ్ మైదానాల్లో ఎంత జోరుగా సాగుతున్నదో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. నిన్నటిదాకా పద్నాలుగు కర్రలు, రెండు గొడుగులు, దూరం కొలిచే లేజరు పరికరం కుక్కిన సంచిని బ్యాటరీ బండి మీద ఊరేగించిన పెద్దమనుషులే నేడు సన్నని కాన్వాసు సంచి భుజాన తగిలించుకొని, అందులో ఏడంటే ఏడే కర్రలున్నాయని ఎదురుపడిన ప్రతివారికీ విన్నవించుకుంటున్నారు. వైరాగ్యం కలిగినవారు సాధారణంగా ఉన్నది పంచిపెట్టి బయలుదేరతారు. ఈ విరాగులు ఉన్న పద్నాలుగింటినీ ఇంట్లో భద్రపరచి, వైరాగ్యానికని మరో ఏడు కొత్తవి కొంటున్నారు. ఏకాదశి ఉపవాసం పేరు చెప్పి అన్నం మానేసి, మధ్యాహ్నానికల్లా రెండు పళ్ళేల ఉప్మా, డజను అరటిపళ్ళు ముగించే భక్తికి, ఈ భక్తికి పెద్ద తేడా లేదు. తక్కువ కర్రలతో ఆడితే ఊహాశక్తి పెరుగుతుందనీ, మనస్సు నిర్మలమవుతుందనీ, ఆట తన మూలాలకు చేరుతుందనీ వీరి వాదం. ఆ వాదంలో మొదటి మాట నిజం కావడం వల్లనే మిగిలినదంతా మరీ భరించరానిదిగా తయారైంది.

పద్నాలుగు అన్న సంఖ్య వేదంలో చెప్పినదేమీ కాదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1938లోనూ, స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఆట నియమాలను నిర్ణయించే ఆర్ అండ్ ఏ 1939లోనూ ఈ పరిమితిని విధించాయి. అంతకుముందు సంచికి హద్దు లేదు గనుక, 1934, 1935 సంవత్సరాల్లో బ్రిటిష్, అమెరికన్ అమెచ్యూర్ బిరుదులు రెండింటినీ వరుసగా గెలిచిన లాసన్ లిటిల్ ముప్పైకి అటూ ఇటూగా కర్రలు మోయించినవాడిగా పేరుపడ్డాడు. దీనికి కారణం ఆటగాళ్ళ దురాశ ఒక్కటే కాదు. హికరీ అనే చెట్టు కలపతో చేసిన పాతకాలపు కాడలు ఒక్కొక్కటి ఒక్కో తీరున వంగేవి, మెలితిరిగేవి; ఆటగాడు కొద్ది కర్రలతోనే ఏళ్ళ తరబడి సహవాసం చేసి, ఒకే కర్రతో నిండు దెబ్బ, ముప్పాతిక దెబ్బ, సగం దెబ్బ కొట్టడం నేర్చుకోవలసి వచ్చేది. ఉక్కు కాడలను అమెరికా 1924లోనూ, ఆర్ అండ్ ఏ 1929లోనూ అనుమతించిన తరువాత, ఒకే తీరున వంగే కర్రలను కార్ఖానాలు వరుసగా తయారుచేయగలిగాయి. ఒక్క దెబ్బ నేర్చుకొని, దూరాన్ని బట్టి కర్ర మార్చుకుంటే చాలునన్న ఆట అప్పటినుండి బలపడింది. చేతిలో ఉండవలసిన విద్య సంచిలోకి జారింది. ఆ జారుడుకు అడ్డుకట్టగా వేసిన పద్నాలుగు అన్న హద్దును అమ్మకందారులు కొనుగోలుదారు తప్పక చేరుకోవలసిన గమ్యంగా మార్చివేశారు. నియమం ఇంతకుమించి మోయవద్దన్నదే గాని, ఇన్ని మోయాలని ఎక్కడా అనలేదు.

హద్దు దాటినవారికి మాత్రం శిక్ష తప్పదు. 2001లో ఇంగ్లండులోని రాయల్ లిథమ్ మైదానంలో జరిగిన ఓపెన్ పోటీ చివరి రోజున, సాధన కోసం తెచ్చిన రెండో డ్రైవరు, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పెద్ద తలకాయ కర్ర, సంచిలోనే ఉండిపోయిందని ఇయాన్ వూస్నమ్ అనే ఆటగాడికి రెండో టీ దగ్గర, అంటే రెండో గుంతకు ఆట మొదలుపెట్టే చోట, తెలిసింది. ఆ పదిహేనో కర్రతో ఒక్క దెబ్బ కూడా కొట్టకుండానే రెండు దెబ్బలు జరిమానా పడ్డాయి. 276తో ఒంటరిగా రెండో స్థానంలో నిలవవలసిన మనిషి 278తో మరి ఐదుగురి సరసన మూడో స్థానం పంచుకున్నాడు. సగం సంచి ప్రవక్తలు ఉదాహరణగా చెప్పుకోదగిన కథ ఇది. కానీ అందులో కొనదగిన వస్తువేదీ లేదు గనుక వారు దాని జోలికి పోరు.

ఈ వ్రతంలో అన్నిటికంటే పెద్ద బూటకం కర్ర అడుగున చెక్కిన అంకెలో ఉంది. కర్ర ముఖం నిలువు గీత నుండి ఎంత వెనక్కు వాలి ఉన్నదో చెప్పే కోణాన్ని లాఫ్ట్ అంటారు. వాలు తక్కువైతే బంతి కిందుగా, దూరంగా పోతుంది, ఎక్కువైతే పైకి లేచి దగ్గరలో పడుతుంది. ఇనుప తల కలిగిన ఐరన్లకు ఈ వాలును అనుసరించే మూడు, నాలుగు, ఐదు అని వరుస అంకెలు వచ్చాయి. కొన్ని దశాబ్దాల కిందట ఏడో ఐరన్ వాలు 35 డిగ్రీలకు పైమాటే. ఈనాడు కొత్తగా నేర్చుకొనేవారికి అమ్మే సెట్లలో అదే ఏడో ఐరన్ 28 డిగ్రీల దాకా దిగింది. ఆ వాలున్న కర్రను తాతలు ఐదో ఐరన్ అన్నారు, కొన్ని సెట్లలో నాలుగోది అన్నారు. ఐదో ఐరన్ అడుగున ఏడు అంకె చెక్కి, కొత్త కర్రతో ఇరవై గజాలు అదనంగా వస్తున్నాయని ప్రకటించడం, కొన్నవాడు దాన్ని తన కండబలంగా లెక్కవేసుకోవడం, ఇద్దరూ ఆనందంగా ఇళ్ళకు చేరడం దశాబ్దాలుగా నడుస్తున్న వ్యవహారం.

తయారీదారుల దగ్గర దీనికి ఒక సమాధానముంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కర్ర తలలో బరువును అడుగుకు, వెనక్కు జరపడం వల్ల బంతి సులభంగా పైకి లేస్తుంది గనుక, వాలు తగ్గించకపోతే అది మరీ ఎత్తుకు పోయి దూరం నష్టపోతుందని వారంటారు. భౌతికశాస్త్రం వరకు ఒప్పుకోవలసిందే. అయితే బరువు జరిపినందుకు వాలు మార్చవలసి వచ్చింది సరే, అంకెను ఎందుకు అలాగే ఉంచవలసి వచ్చిందన్న ప్రశ్నకు భౌతికశాస్త్రంలో జవాబు లేదు. ఆ జవాబు దుకాణంలో ఉంది: పక్కవాడి ఏడో ఐరన్ 140 గజాల దగ్గర ఆగిపోతుంటే తన ఏడో ఐరన్ 165 పోతున్నదని చెప్పుకొనే సుఖం వెలకట్టలేనిది, అందుకే దానికి వెల బాగా కడుతున్నారు.

దీని పర్యవసానం చిన్న దెబ్బల దగ్గర బయటపడింది. వరుసలో చివరిదైన పిచింగ్ వెడ్జ్, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ అనే పచ్చిక దగ్గరి నుండి బంతిని ఎత్తుగా లేపే కర్ర, ఒకప్పుడు 48 డిగ్రీల పైన ఉండేది. మిగతా వాటితోపాటు అదీ జారి కొత్త సెట్లలో 43కు చేరింది. ఇసుక గుంటలోంచి బంతిని తీసే సాండ్ వెడ్జ్ మాత్రం ఇసుక మారలేదు గనుక 56 దగ్గరే నిలిచింది. వరుసలోని మిగతా కర్రల మధ్య నాలుగైదు డిగ్రీల ఎడముండగా, ఈ రెండింటి మధ్య పదమూడు డిగ్రీల గొయ్యి ఏర్పడింది. గొయ్యి తవ్వినవారే దానిని పూడ్చడానికి గ్యాప్ వెడ్జ్ అనే మరో కర్రను కనిపెట్టి, వేరే ధరకు అమ్మారు. ఎడం పూడ్చే కర్ర అని దానికి పేరు పెట్టే ధైర్యం కూడా వారికే ఉంది.

పద్నాలుగు కర్రల సంచిలో ఈ మోసం దాగి ఉంటుంది, ఎందుకంటే ఏ గొయ్యికి ఆ మట్టి వేరుగా కొనిపెట్టారు. సంచిని సగం చేసిన క్షణాన అది నడివీధిలో పడుతుంది. పాత రోజుల్లో సగం సెట్టు అంటే 3, 5, 7, 9 ఐరన్లు, దూరం కొట్టే పెద్ద తలకాయ వుడ్లు రెండు, ఒక సాండ్ వెడ్జ్, గ్రీన్ మీద బంతిని దొర్లించే పట్టర్ ఒకటి. ఒకటి విడిచి ఒకటి తీసుకున్నా ఎడాలు దాదాపు సమానంగా ఉండేవి, తొమ్మిదో ఐరన్‌కూ సాండ్ వెడ్జ్‌కూ మధ్య పది డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే. అదే సూత్రాన్ని నేటి సెట్టుకు వర్తింపజేస్తే, తొమ్మిదో ఐరన్ 38 దగ్గర, సాండ్ వెడ్జ్ 56 దగ్గర నిలిచి, నడుమ పద్దెనిమిది డిగ్రీలు ఖాళీ. సాధారణ ఆటగాడు గ్రీన్‌ను గురిచూసే దెబ్బల్లో చాలా పడేది సరిగ్గా ఆ ఖాళీలోనే. బేసి అంకెల ఐరన్లు పట్టుకుపొమ్మని తాతల సలహాను కొత్త తోలు పట్టీ మీద ముద్రించి ఇస్తున్న ప్రవక్తలు, ఆ సలహా పుట్టిన అంకెలు ఇప్పుడు లేవన్న సంగతిని శిష్యులకు చెప్పరు. బహుశా వారికీ తెలియదు. తెలిసి చెప్పకపోతే మోసం, తెలియక చెబితే అజ్ఞానం. రెంటిలో ఏదైనా డబ్బు పుచ్చుకొని చేయదగిన పని కాదు.

నిజానికి పరిమితమైన కర్రలను ఎంచుకోవడం అంత రహస్యవిద్యేమీ కాదు. అంకెలు మరచి, ప్రతి కర్రతో నిండు దెబ్బకు బంతి నేల తాకేదాకా ఎన్ని గజాలు పోతుందో మైదానంలో కొలిచి రాసుకొని, పట్టర్, ఇసుక కర్ర తప్పనివిగా తీసి, ఆ మైదానంలోని పార్-3 గుంతల దూరాలను, అంటే ఒక్క దెబ్బలో గ్రీన్ చేరవలసిన చోట్లను, ముందుగా సరిపెట్టుకొని, మిగిలిన ఎడాలను ఇరవై గజాలకు ఒకటిగా పంచుకుంటే పని ముగుస్తుంది. ఆ ఇరవై గజాల లోపలి తేడాను కాడ మీద చేతులు రెండు అంగుళాలు కిందికి జరిపి పట్టడం, చేతుల ఊపు తగ్గించడం వంటి పాత విద్యలు చూసుకుంటాయి. నేలనూ గాలినీ కూడా లెక్కలోకి తీసుకోవాలి: గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్య ఆడేవారికి వేసవిలో నేల గట్టిపడిన చోట వెడ్జ్ కంటే తక్కువ వాలున్న ఐరన్‌తో బంతిని దొర్లించడం మేలు కావచ్చు, విశాఖ ఈస్ట్ పాయింట్ మైదానంలో సముద్రపు గాలికి ఎదురుగా కిందుగా పోయే దెబ్బ ఒకటి చేతిలో లేకుండా బయలుదేరడం తెలివి అనిపించుకోదు. ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు గనుకనే దీనిని రోజంతా సాగే శిక్షణ శిబిరంగా అమ్ముతున్నారు.

వ్రతకథ చివర వీరందరూ తలచుకొనే మహానుభావుడు చిక్ ఎవాన్స్. 1916లో మినియాపోలిస్‌లోని మినికాడా మైదానంలో ఏడంటే ఏడు హికరీ కర్రలతో 286 దెబ్బల్లో అమెరికన్ ఓపెన్ గెలిచిన ఆయన రికార్డు 1936 దాకా చెక్కుచెదరలేదు. అదే ఏడాది అమెరికన్ అమెచ్యూర్ బిరుదు కూడా ఆయనదే. కథను ఇక్కడ ఆపివేసి హారతి ఇస్తారు. ఎవాన్స్ షికాగోలో ఇతరుల సంచులు మోసే క్యాడీ కుర్రవాడిగా ఆట నేర్చుకున్నాడనీ, ఆటవల్ల వచ్చిన సొమ్ము తాను తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుందని దానిని క్యాడీల కళాశాల చదువులకు కేటాయించాడనీ, 1930లో మొదలైన ఆ విద్యార్థి వేతనం నేటికీ నడుస్తున్నదనీ ఈ కథలో ఎవరూ చెప్పరు. ఆయన సంచిలోంచి ఏడు అంకెను తీసుకొని, మనిషిని అక్కడే వదిలిపెట్టారు.

ఈ ఏడు కర్రల ఆట ఎవరిది? స్పెయిన్‌లోని పెద్రెన్యా సముద్రతీరపు ఇసుకలో పాత మూడో ఐరన్ ఒక్కదానితో అన్ని దెబ్బలూ నేర్చుకున్న సెవె బాలెస్టెరోస్‌ది. ఢిల్లీలో క్యాడీగా మొదలై, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్‌గా నిలిచిన అలీ షేర్‌ది. ఈ దేశంలో చాలా మైదానాల్లో సభ్యులు ఆడని సోమవారం నాడు, ఎవరో పారేసిన ఐరన్‌కు పాత సైకిలు ట్యూబు పట్టుగా చుట్టుకొని, ఒకే కర్రతో పద్దెనిమిది గుంతలూ తిరిగే కుర్రవాళ్ళది. వారిని ఎవరూ మినిమలిస్టులు అనలేదు, వారి ఊహాశక్తిని గురించి ఎవరూ ఉపన్యసించలేదు. వారికి కర్రలు లేవు, అంతే. లేమిలో తప్పక నేర్చిన విద్యను, కలిమిలో విసుగెత్తినవారు పేరు మార్చి, ధర కట్టి, తామే కనుగొన్నట్లు చెప్పుకోవడం సిగ్గుమాలిన పని.

పైగా చాలా క్లబ్బుల్లో క్యాడీకి నెల జీతముండదు; ఆట ఆటకూ సభ్యుడిచ్చే కూలే ఆధారం. సన్న సంచిని తామే మోసుకొనే విరాగి ఒకరు పెరిగితే, ఉదయం ఐదింటికి గేటు దగ్గర వరుసలో కూర్చున్న మనిషికి ఆ రోజు ఒక ఆట తగ్గుతుంది. సంచి సగమైంది గనుక కూలీ సగం చాలునన్న తర్కం కూడా ఎంతో దూరంలో ఉండదు. ఏ దూరానికి ఏ కర్ర తీయాలో, ఏ గ్రీన్ ఎటు వాలి ఉందో ఆ మైదానంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతడే. ఏడు కర్రలతో ఆడేవారికి ఆ సలహా పద్నాలుగింటివారికన్నా రెట్టింపు అవసరం. దానిని వదులుకొని, ఆ డబ్బుతో చేతికుట్టు తోలు పట్టీ కొనుక్కోవడాన్ని నిరాడంబరత అంటున్నారు.

తయారీదారులు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. వెడ్జ్‌ల అడుగున 52, 56, 60 అని వాలు డిగ్రీలను చెక్కే అలవాటు వారికి ఎప్పటినుండో ఉంది. అదే ఉలిని ఐరన్ల మీదికి జరపాలి. ఏడు కర్రల పోటీలు ప్రకటిస్తున్న క్లబ్బు కమిటీలు మొదటి పోటీకి క్యాడీలను ఆటగాళ్ళుగా పిలవాలి, ప్రవేశ రుసుము లేకుండా, సోమవారం కాకుండా ఆదివారం ఉదయమే, సభ్యులు సంచులు మోస్తుండగా.