“ఇంత పెరుగు” పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: శనివారం సాయంత్రం ఆరున్నర. లీడ్స్‌లో సెయింట్ జేమ్స్ ఆసుపత్రి (ఊరివాళ్ళ నోట “జిమ్మీస్”) ముందు నాలుగు తెలుగు ప్రాణాలు ఆకలితో నిలబడ్డాయి: అన్నయ్య, వదిన, బావగారు, ఈ వ్యాఖ్యాత. ఆ రాత్రి పదకొండింటికి బావగారు ఇంటి వాట్సాప్ గ్రూపులో వదిలిన ఆటవెలది ఇది.

ఏదియైన సరియె యెన్నుకొమ్మని పల్కి
హేరుహిల్సు వీధులెల్లఁ దిరిగి
వంద రుచుల నడుమ వాదించి వాదించి
యింటికేగి తిన్న దింత పెరుగు!

ప్రతిపదార్థం: ఏదియైన సరియె = ఏదైనా పర్లేదు; ఎన్నుకొమ్మని పల్కి = నువ్వే చెప్పమని ఒకరి నెత్తిన ఒకరు పెట్టి; హేరుహిల్సు వీధులెల్లన్ = హేర్‌హిల్స్ పేటలోని వీధులన్నీ; తిరిగి = కాళ్ళీడ్చి; వంద రుచుల నడుమ = నూరు దేశాల వంటల మధ్య; వాదించి వాదించి = స్పష్టం; ఇంటికి ఏగి = ఇల్లు చేరి; తిన్నది = భుజించినది; ఇంత పెరుగు = కాస్త పెరుగు.

తాత్పర్యం: అన్నీ దొరికే చోట ఏదీ తినకుండా తిరిగొచ్చాం.

వ్యాఖ్య:

ఏదియైన సరియె. ఇది సమ్మతి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వదిన “ఏదైనా సరే” అంది. అన్నయ్య పాకిస్తానీ మూకుడు కూర, కరాహీ అన్నాడు. “మళ్ళీ మటనా?” కరీబియన్ల కారపు కోడి, జెర్క్ చికెన్ అన్నాను. “బావగారికి అల్సరు కదరా.” కాబట్టి “ఏదైనా” అంటే “నువ్వు చెప్పింది తప్ప ఏదైనా” అని అర్థం. నిఘంటుకారులు ఇది ఎక్కించకపోవడం లోపమే.

హేరుహిల్సు. గణాల కోసం కవి రెండు ఉకారాలు తగిలించాడు. ఈ ఊరి పాతకాపులు తద్విరుద్ధంగా హకారాన్నే మింగేసి “ఏరిల్స్” అంటారు. అచ్చుకీ హకారానికీ యతి చెల్లుతుందని మన లాక్షణికులు ఏనాడో ఒప్పుకున్నారు గనక, ఈ ఒక్క విషయంలో యార్క్‌షైర్ నోటికీ మన ఛందస్సుకీ పేచీ లేదు.

వీధులెల్ల. అతిశయోక్తి. తిరిగినవి రౌండ్‌హే రోడ్డు, హేర్‌హిల్స్ లేన్, రెండే. తక్కినవి చాలావరకు వీపుకు వీపు ఆనించి కట్టిన ఇటుక ఇళ్ళ వరుసలు. వాటికి పెరళ్ళుండవు. ఎవరింటి పోపైనా వీధిలోకి రావలసిందే. ఆకలిగా ఉన్నవాడికి ఇంతకు మించిన హింస లేదు.

వంద రుచుల. పాకిస్తాన్ ఏలుబడిలోని కశ్మీరులో, మీర్పూరు సీమలో మంగ్లా ఆనకట్ట పూర్తయింది 1967లో. లక్షమందికి పైగా ఊళ్ళు వదిలారు; వాళ్ళలో ఎందరో ఉత్తర ఇంగ్లండు మిల్లుల దారి పట్టారు. ఇక్కడి కరాహీ అడుగున ఆ నీళ్ళున్నాయి. అదే 1967లో, పక్కపేట చాపెల్‌టౌన్‌లో, నెవిస్ దీవి నుంచి వచ్చిన ఆర్థర్ ఫ్రాన్స్ చొరవతో వెస్టిండియన్ కార్నివాల్ మొదలైంది. వెస్టిండియన్ల “రైస్ అండ్ పీస్”లో పీస్ అంటే బఠాణీలు కావు, కొబ్బరిపాలలో ఉడికిన రాజ్మా గింజలు. అక్కడా టీకా కావలసిందే! తరవాత కుర్దుల రొట్టెలూ, రొమేనియా వాళ్ళ సాసేజీలూ, ఎరిట్రియా వాళ్ళ ఇంజెరా వచ్చి చేరాయి.

ఇంజెరా దగ్గర కాసేపు ఆగాలి, వదిన ఆగింది గనక. టెఫ్ అనే సన్నగింజ పిండిని పులియబెట్టి, తిరగెయ్యకుండా ఒకవైపే కాల్చిన పెద్ద అట్టు, పైనంతా కన్నులు. దాని మీదే కూరలు వడ్డిస్తారు. అద్దం అవతల ఒక పెద్దావిడ అట్టు తుంచి, కూర చుట్టి, ఎదుట కూర్చున్న కుర్రాడి నోట్లో పెట్టింది. ఇథియోపియా వాళ్ళు దీన్ని గుర్షా అంటారు. మనకైతే గోరుముద్ద. “ఇక్కడ తిందామా?” అంది వదిన, మెల్లగా.

వాదించి వాదించి. ఆ మాట ఎవరికీ వినపడకపోవడానికి కారణం ఈ ద్విరుక్తి. బావగారు ప్రతి తలుపు మీదా శుభ్రత మార్కుల స్టిక్కరు వెతుకుతున్నారు. సున్నా నుంచి 5 దాకా ఉంటుంది అంకె. దాన్ని తగిలించడం వేల్స్‌లో 2013 నుంచి తప్పనిసరి. ఇంగ్లండులో యజమాని ఇష్టం. స్టిక్కరు లేనిచోట “ఎందుకు పెట్టలేదంటావ్?” అని ఒక వాదం. 5 ఉన్నచోట “అది శుభ్రతకి బావగారూ, రుచికి కాదు” అని రెండో వాదం. అందుకే కవి ఆ మాట రెండుసార్లు వాడాడు. పాదపూరణ కోసం కాదు.

ఇంత పెరుగు. బయట తినలేదు గనక ప్రయాణం వ్యర్థమని పూర్వపక్షం. సిద్ధాంతం వేరు. ఆ పెరుగెక్కడిది? రౌండ్‌హే రోడ్డు మీది కొట్లో కొన్న కిలో బకెట్టు. నంజుకున్న నిమ్మకాయ పచ్చడీ అక్కడిదే. చిల్లర చేతిలో పెడుతూ “థాంక్యూ భయ్యా” అన్న కుర్రాడు కుర్దు. కాబట్టి తిన్నది హేర్‌హిల్స్‌నే. కంచం మాత్రం మాది.

అలంకారం: కవి హాస్యమన్నాడు. వదిన స్వభావోక్తి అంది.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు వచ్చే శనివారం “ఎక్కడ తిందాం?” అని అడగరు. వదిన వెనకాల నడుస్తారు. ఆవిడ ఏ అద్దం దగ్గర ఆగుతుందో తెలుసు గదా!