చిన్న తప్పులు దిద్దకండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వెబ్‌సైట్ చూసుకునేవాళ్లకు నా మొదటి సలహా తలకిందులుగా కనిపిస్తుంది. చిన్న తప్పు కంటపడితే దిద్దకండి. డౌన్‌లోడ్ పేజీలో అక్షరదోషం, తెరుచుకోని లింకు, ఎప్పటిదో పాత స్క్రీన్‌షాట్... మీకు రెండు నిమిషాల పని. కొత్తవాళ్లు లోపలికి రావడానికి ఉన్న గుమ్మం కూడా అదే. ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని గుర్తు పెట్టి వదిలేయండి.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా చూడండి. రెండు ముక్కల వ్యాసానికి ‘మొలక’ అని మూస తగిలిస్తారు. లేని పేజీకి ఇచ్చిన లింకు ఎర్రగా కనబడుతుంది, నొక్కితే రాసుకోమని ఖాళీ పెట్టె తెరుచుకుంటుంది. లోటు దాచకపోవడం వల్లే చదవడానికి వచ్చినవాళ్లు రాయడం మొదలుపెట్టారని నా నమ్మకం.

సికింద్రాబాద్‌లో లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని ఊహించుకోండి. ఫోన్లోనే గిట్‌హబ్ తెరిచి, మీ ఫైలు మీద పెన్సిల్ గుర్తు నొక్కితే ఆమె పేరిట ఒక నకలు తయారవుతుంది. తప్పు సరిచేసి, ఎందుకు మార్చిందో ఒక్క వాక్యం రాసి పంపితే పుల్ రిక్వెస్ట్ మీ ముందుంటుంది. రైలు బోరబండ చేరేలోపు అయ్యే పని. మరి మీ జవాబు ఎన్నాళ్లకు? అదే రోజు చేర్చుకోండి. వాక్యం మీరు రాసేంత బాగా లేకపోయినా సరే, చెక్కకండి. మీరు తిరగరాస్తే ఆ అమ్మాయి మళ్లీ రాదు.

ఇన్‌స్టాల్ కమాండు, చెక్‌సమ్ మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ పొరపాటుంటే నష్టపోయేది వాడేవాళ్లు. అర్ధరాత్రయినా లేచి మీరే దిద్దండి.

ఇక సైటు తాళాల సంగతి. ఎప్పటికీ ఉంటాడనుకున్న పెద్దమనిషికి కాకుండా, వెళ్లిపోతారని తెలిసినవాళ్లకు ఇవ్వండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కాలేజీల్లో గ్లగ్‌ల (గ్నూ/లినక్స్ యూజర్ గ్రూపుల) పేరిట విద్యార్థి బృందాలను నడుపుతుంది. అలాంటి పిల్లలు నాలుగేళ్లకు ఉద్యోగాలకు పోతారు. పోతారు గనకే సర్వర్ ఎలా ఎక్కించాలో, బ్యాకప్ ఎక్కడుందో రాసిపెట్టక తప్పదు. ఎప్పటికీ ఉండేవాడు అదంతా బుర్రలోనే పెట్టుకుంటాడు, ఆయనకు జ్వరమొస్తే సైటు ఆగుతుంది.

డొమైన్ రెన్యువల్ మెయిల్ ఒక్కరి సొంత జీమెయిల్‌కే వెళ్తోందా? ఇవాళే ముగ్గురు చూసే చిరునామాకు మార్చండి. ఆ ముగ్గురిలో ఒకరు ఈ ఏడాదే చేరినవాళ్లయి ఉండాలి.