ఏకగ్రీవ ఉప్పిట్టు

నంది కొండ కింద ఏ పల్లె అని అడక్కండి. బాగేపల్లి, చింతామణి వైపూ ఇదే తంతు. గ్రామసభకు ఓటర్లలో పదో వంతు గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది రావాలంటుంది 1993 నాటి కర్ణాటక పంచాయతీ చట్టం. పదింటికి సభ అంటే పన్నెండింటికి కుర్చీలొచ్చాయి. ఉప్పిట్టు గుండిగ దిగాకే కోరం నిండింది. ఆడవాళ్ల హాజరు తగ్గకూడదు గనుక పెళ్లాల సంతకాలు మొగుళ్లే గీకేశారు.

ఊరి ప్రణాళిక ఊరివాళ్లే రాసుకోవాలని 2018 నుంచి గాంధీ జయంతికి కేంద్రం ఊదరగొడుతోంది. మనవాళ్లు మరీ ముందుచూపున్నోళ్లు. జనాన్ని అడక్కముందే టైపు చేయించి తెచ్చారు.

ఓ అవ్వ లేచింది. "మా ఇంటి ముందర చరండి ఎప్పుడు కట్టిస్తారు సామీ?"

"కట్టేసి రెండేళ్లాయె కదవ్వా! ఫోటో కూడా ఉంది."

"అయితే నా గడప ముందర పారే మురుగేంది నాయనా?"

"అది వచ్చే ఏటి ప్రణాళికలో చూద్దాం."

చెరువు కబ్జా మాటెత్తిన కుర్రాడికి మైకులో కరెంటు పోయింది. ఫోటో తీసే వేళకి ఠంచనుగా వచ్చింది.

చివరికి అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "ప్రణాళిక వద్దనేవాళ్లు చేతులెత్తండి!"

అందరి చేతుల్లోనూ ఉప్పిట్టు ప్లేట్లే. ఏకగ్రీవం!