ఆనందం అంటకుండా రోజు గడిపే విధానం

ఆనందాలు రెండు రకాలు. పెళ్లి, గృహప్రవేశం, ప్రమోషన్, కొత్త కారు వంటివి మొదటి రకం. ఇవి ముహూర్తం పెట్టుకుని, శుభలేఖ పంపి మరీ వస్తాయి కాబట్టి ముందే జాగ్రత్తపడే వీలుంటుంది. రెండో రకం చెప్పాపెట్టకుండా వస్తుంది. వీధి మలుపులో మిరపకాయ బజ్జీల వాసన, ఎప్పుడో విన్న పాట పక్కింట్లోంచి వినబడటం, ఎండలో ఆరిన దుప్పటి మొహానికి తగలడం ఈ కోవలోకి వస్తాయి. దీనికి ఖర్చు లేదు, అర్హత అక్కర్లేదు, రోజుకు పదిసార్లయినా తగులుతుంది. అందుకే పనిమంతులు ఎక్కువగా భయపడాల్సింది దీనికే. దీన్ని తప్పించుకోవడానికి కావలసిన సరంజామా, రోజంతా పాటించాల్సిన క్రమం, కాలాన్ని బట్టి తీసుకోవాల్సిన జాగ్రత్తలు, ఈ పద్ధతికున్న పరిమితులు ఈ కింద వరసగా ఉన్నాయి.

సరంజామా

కావలసినవి మూడే: ఒక వాయిదా, ఒక తోడల్లుడు, ఒక ఫోను.

వాయిదా ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. పిల్ల పెళ్లయ్యాక, ఇంటి అప్పు తీరాక, రిటైరయ్యాక తీరిగ్గా సంతోషపడవచ్చునని ఒకసారి తీర్మానించుకుంటే, ఈలోగా ఎదురయ్యేవేవీ లెక్కలోకి రావు. తీరా ఆ రోజు వచ్చినా భయపడనక్కర్లేదు. ఎంత పెద్ద సంతోషానికైనా మనిషి కొన్నాళ్లకు అలవాటుపడి మళ్లీ మునుపటి స్థితికే చేరుకుంటాడని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ కాంప్‌బెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే చెప్పారు. ఆ సమయానికి ఇంకో వాయిదా సిద్ధంగా ఉంటే చాలు.

తోడల్లుడు పోల్చుకోవడానికి పనికొస్తాడు. బాల్కనీలో సన్నజాజి విరగబూసిందని మనసు కాస్త కదిలితే, వెంటనే ఆయన విల్లానీ, అందులోని పచ్చిక బయలునీ గుర్తు తెచ్చుకోవాలి. సన్నజాజి అక్కడికక్కడే వాడిపోతుంది. ఇదే పనికి ఆడవారు తోటికోడలిని, పెళ్లికానివారు కాలేజీ స్నేహితులను వాడుకోవచ్చు.

ఫోను వల్ల ప్రయోజనాలు రెండు. మొదటిది, ఉన్నచోట ఉండనివ్వకపోవడం. హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని అనుకోని వేళల్లో ఫోను ద్వారా పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదనీ, అలా లేనప్పుడు సంతోషం తగ్గుతోందనీ 2010లో ప్రకటించారు. అంటే ఏ శిక్షణా లేకుండానే మనిషి సగం పని పూర్తిచేసుకుంటున్నాడు. మిగతా సగం ఫోను చూసుకుంటుంది.

రెండో ప్రయోజనం కెమెరా. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులకు ఫొటోలు తీయమనీ, కొన్నింటిని ఊరికే చూడమనీ చెప్పారు. ఫొటో తీసిన వస్తువులే వాళ్లకు తక్కువగా గుర్తున్నాయి. అయితే వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఈ నష్టం కనబడలేదు. కాబట్టి ఫొటోలు ఎన్నయినా తీయవచ్చు గానీ జూమ్ జోలికి పోకూడదు.

దినచర్య

తెల్లవారుజాము అన్నిటికన్నా ప్రమాదకరమైన వేళ. పారిజాతం చీకటిపడ్డాక విచ్చుకుని, తెలతెలవారుతుండగా రాలిపోతుంది. తెల్లటి రేకులు, నారింజరంగు కాడలు చెట్టు కింద పరుచుకుని ఉంటాయి. నేల మీద పడ్డ పువ్వు పూజకు పనికిరాదన్న నియమం నుంచి కూడా దీనికి మినహాయింపు ఉంది. ఏడు దాటాక నిద్రలేచేవారికి ఇబ్బంది లేదు, అప్పటికి ఎవరో ఒకరు ఊడ్చేస్తారు. తప్పనిసరై పెందలాడే బయటికి వచ్చేవారు, పూలు కారు మీద పడి మరకలవుతున్నాయని అపార్ట్‌మెంట్ సంఘానికి ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెట్టు కొట్టించాక ఆ తెల్లవారుజాములు నిశ్చింతగా గడుస్తాయి.

గడప దగ్గర చుక్కల ముగ్గుకు బదులు స్టిక్కర్ అంటించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతూ, చుక్కల్ని చుట్టి మొదలైన చోటికే గీత చేరుకుంటుంటే చెయ్యి మిగతా పనులు మరిచిపోతుంది. స్టిక్కర్‌తో ఆ బెడద లేదు.

కాఫీ నిలబడే తాగాలి. డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా ఆగడం వల్ల వాసన ఇల్లంతా పాకుతుంది కాబట్టి ఇన్‌స్టంట్ పొడి క్షేమం. తాగుతున్నంతసేపూ నిన్న రాత్రి గ్రూపులో ఎవరెవరు ఏమన్నారో చదవాలి.

ప్రయాణాల్లో గోదావరి వంతెన దగ్గర ప్రత్యేక శ్రద్ధ కావాలి. కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోతుంది. నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చుంటారు. ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు తీసి పిల్లల చేతుల్లో పెడుతుంది. కిటికీ ఊచల్లోంచి అరడజను చేతులు బయటికి వస్తాయి. సగం బిళ్లలు ఇనుప దూలాలకు తగిలి ఖంగుమంటాయి, మిగతావి నీళ్లలో పడతాయి. పక్కసీటువాళ్లెవరో తెలియకపోయినా అందరూ ఒకే వైపు చూస్తూ చేతులు జోడిస్తారు. వంతెన పొడవు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ కాబట్టి ఈ ప్రమాదం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఏసీ బోగీలో తెరుచుకోని అద్దం, దానికి పరదా ఉంటాయి. స్లీపర్ క్లాసువారు కళ్లు మూసుకుని, రాజమండ్రి స్టేషన్లో రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా ఆగుతుందో లెక్క వేసుకోవచ్చు.

సాయంత్రం కరెంటు పోవడం ఒకప్పుడు పెద్ద గండం. జనం డాబాల మీదికి చేరి, చాపలు పరిచి, చుక్కలు చూస్తూ కబుర్లలో పడేవారు. ఇన్వర్టర్లు వచ్చాక ఆ గండం చాలావరకు తప్పింది.

రాత్రి పడుకునే ముందు ఇవాళ ఏం జరిగిందని ఇంట్లో ఎవరైనా అడిగితే, ‘ఏముంది, మామూలే’ అనాలి. వివరాల్లోకి వెళితే రోజంతా పడ్డ శ్రమ వృథా అవుతుంది.

కాలాన్ని బట్టి జాగ్రత్తలు

వేసవిలో ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో ఉండకపోవడం ఉత్తమం. ముక్కల్ని జాడీలోకి ఎత్తాక బేసిన్ అడుగున నూనె, కారం, ఆవపిండి కొంచెం అంటుకుని ఉంటాయి. అందులో పొగలు కక్కే అన్నం వేసి కలిపి, చుట్టూ చేరినవాళ్ల చేతుల్లో తలా ఒక ముద్ద పెడతారు. కంట్లో నీళ్లు తిరుగుతున్నా ఇంకో ముద్దకు చెయ్యి చాపడం అప్పుడు మామూలే. దీనికి విరుగుడుగా ఉప్పు, రక్తపోటు, నూనె ధర అనే మూడు విషయాలను అదే వరసలో ప్రస్తావించాలి. సీసా ఆవకాయ కొనుక్కుంటే ఈ తతంగమే ఉండదు.

తొలకరి అంతకన్నా కఠినమైనది. ఎండిన నేల మీద చినుకు పడగానే లేచే వాసనకు ఒక కారణం జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఈ వాసనను బట్టీపట్టి అత్తరుగా అమ్ముతారు. ఇంతటి ప్రత్యర్థితో ముఖాముఖి తలపడకూడదు. మబ్బు పట్టగానే కిటికీలు మూసి, మేడ మీది బట్టలు, మునిగే రోడ్లు, రేపటి ట్రాఫిక్ గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాలి.

అత్యవసర చికిత్స

ఇన్ని చేసినా ఒక్కోసారి నవ్వు తన్నుకొస్తుంది. అప్పుడు, ఇంత నవ్వుతున్నాం, రేపు ఏడవాల్సి వస్తుందేమో అని పైకి అనాలి. పదిమందిలో ఒక్కరు అన్నా పదిమందికీ పనిచేస్తుంది. ఎదుటివాళ్లు ఇంకా నవ్వుతూనే ఉంటే, దిష్టి తగులుతుందని చేర్చాలి.

పరిమితులు

ఈ పద్ధతి అయిదేళ్లలోపు పిల్లల మీద పనిచేయదు. వీధి చివరి కొట్టుకు తీసుకువెళుతుంటే వాళ్లు చీమల బారు దగ్గర ఒకసారి, గుంటలో నిలిచిన నీళ్ల దగ్గర ఒకసారి, పడుకున్న కుక్క దగ్గర ఒకసారి ఆగిపోతారు. వాయిదా అంటే వాళ్లకు తెలియదు, తోడల్లుడు ఇంకా లేడు. చెయ్యి పట్టి లాగడం, కొట్టు మూసేస్తారని అబద్ధమాడటం, ఫోను చేతికివ్వడం తాత్కాలిక ఉపాయాలు. శాశ్వత పరిష్కారానికి మాత్రం తొందరపడనక్కర్లేదు. ఇంట్లో పెద్దలు పై నియమాలన్నీ క్రమం తప్పకుండా పాటిస్తుంటే, బడిలో చేరిన కొన్నేళ్లకు పిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు.