అష్టలక్ష్మి కమాన్ కథ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో కొత్తపేట ఉంది. అక్కడి వాసవీ కాలనీలో అష్టలక్ష్మి గుడి, ఆ గుడికి తిరిగే రోడ్డు మీద అష్టలక్ష్మి కమాన్. ఈ కథ ఆ కమాన్‌ది. పుస్తకాల్లో తోరణమనీ ముఖద్వారమనీ రాసినా హైదరాబాద్‌లో దాన్ని కమాన్ అనే అంటారు. 1591లో చార్మినార్ వెలిశాక దాని పక్కనే లేచిన నాలుగు కమాన్ల నాటి నుంచి ఈ ఊరి నోట నలిగిన మాట అది. ఫార్సీ మాటను లక్ష్మమ్మ పేరుకు కలిపి పిలవడంలో ఇక్కడ ఎవరికీ తేడా తోచదు. ఆటోవాళ్లకూ, కొరియర్ తెచ్చే కుర్రాళ్లకూ ‘అష్టలక్ష్మి కమాన్ దగ్గర’ అంటే చాలు, చిరునామా పూర్తయినట్టే.

కమాన్ తన వయసు విడిగా చెప్పుకోదు. గుడి వయసే దానికి లెక్క. కంచి కామకోటి పీఠం ఆధ్వర్యంలో కట్టిన ఈ గుడికి 1996లో ప్రతిష్ఠ జరిగింది. దీనికి ఒరవడి మద్రాసులో, బీసెంట్ నగర్ సముద్రం ఒడ్డున ఉన్న అష్టలక్ష్మి గుడి. అక్కడి కుంభాభిషేకం 1976 నాటిది. హుస్సేన్‌సాగర్‌లో నిలిచిన బుద్ధుణ్ణి మలిచిన గణపతి స్థపతి చెయ్యి కొత్తపేట గుడి నిర్మాణంలోనూ ఉంది. మినార్ల ఊరిలో ద్రావిడ పద్ధతి విమానం, దాని నిండా బొమ్మలు కొత్తగా కనబడ్డాయి. ఇప్పుడు ఆ గోపురం లేని కొత్తపేటను ఊహించడం కష్టం.

ఎనిమిది మంది లక్ష్ములను ఒకే చోట కొలవడం ఇంతగా వ్యాపించింది ఈ యాభై ఏళ్లలోనే. శుక్రవారం పూట ఇంటింటా వినిపించే అష్టలక్ష్మీ స్తోత్రం కూడా 1970లలో ముక్కూరు శ్రీనివాస వరదాచార్యులు రాసినదే. అయితే ఆ ఎనిమిది మందిలో గజలక్ష్మి మాత్రం చాలా పాతది. కాకతీయుల గుళ్లలో ద్వారబంధం పైన ఆమె కూర్చుని ఉంటుంది. ఇంకా వెనక్కి పోతే, రెండు వేల ఏళ్ల కిందటి సాంచీ తోరణాల మీద రెండు ఏనుగులు ఆమెకు నీళ్లు పోస్తూ కనిపిస్తాయి. అక్కడి దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద పేరు చెక్కి ఉంది. దారికి అడ్డంగా నిలిచి అమ్మవారిని తల మీద మోయడం అంత పాత కొలువు. సిమెంటుతో పుట్టిన కమాన్‌కు సాంచీ రాతి తోరణం ముత్తవ్వ వరుస అవుతుంది.

గుడిలో లక్ష్ములతో పాటు శ్రీమన్నారాయణుడూ ఉన్నాడు. పేర్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు: ధైర్యలక్ష్మిని వీరలక్ష్మి అంటారు, విద్యాలక్ష్మికి బదులు ఐశ్వర్యలక్ష్మిని లెక్కించే చోట్లూ ఉన్నాయి. కమాన్ నిలబడ్డ చోటు నుంచి గర్భగుడి కనబడదు. దానికి తెలిసిన అమ్మవారు వచ్చేపోయేవాళ్ల చేతుల్లో కనిపించే అమ్మవారే. ఒడిలో బిడ్డతో ఉండే సంతానలక్ష్మి కోసం పెళ్లయి కొన్నేళ్లయిన జంటలు మాటలు తగ్గించుకుని నడిచివస్తారు; ఆ తర్వాత ఎప్పుడో, బోడిగుండు పసిబిడ్డను ఎత్తుకుని అదే జంట మళ్లీ వస్తే కమాన్ గుర్తుపడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు వెళ్లే పిల్లలు హాల్‌టికెట్లు తెస్తారు. దుకాణదారులు కొత్త లెక్కల పుస్తకాలు తెస్తారు. చెరకుగడ, వరికంకి పట్టిన ధాన్యలక్ష్మి నల్గొండ, సూర్యాపేటల నుంచి వచ్చి ఈ కాలనీల్లో స్థిరపడ్డవాళ్లకు వెనక వదిలివచ్చిన పొలాన్ని గుర్తుచేస్తుంది.

శ్రావణ శుక్రవారాలు కమాన్‌కు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద రోజులు. ఆషాఢంలో బోనాల డప్పులు సద్దుమణిగీ మణగక ముందే మామిడాకుల తోరణాలు పైకెక్కుతాయి. తెల్లవారకముందే చామంతులు, తామరపూలు గంపలతో దిగుతాయి. పసుపు రాసుకున్న పాదాలు, పట్టుచీరల గరగర, బుట్టల్లో కుంకుమ పొట్లాలు, కొబ్బరికాయలు, రవికెగుడ్డలు కమాన్ కింద నుంచి వరసగా సాగిపోతాయి. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో కలశం పెట్టి, తొమ్మిది ముళ్ల తోరం చేతికి కట్టుకున్న ఆడవాళ్లు సాయంత్రానికి గుడిబాట పడతారు. కుంకుమార్చన చేయించుకుని తిరిగివస్తూ, దారిలో ఎదురైన ముత్తయిదువకు, పరిచయం ఉన్నా లేకపోయినా, బొట్టు పెట్టి నానిన శనగలు చేతిలో పెడతారు. గుళ్లో పుచ్చుకున్న ప్రసాదం వీధిలో వాయనమయ్యే ఆ కాసేపు కమాన్‌కు ఎంతో ఇష్టం. దసరా నవరాత్రుల్లో అలంకారాలు చూడ్డానికి వచ్చేవాళ్లూ బతుకమ్మలు ఎత్తుకుని వచ్చేవాళ్లూ ఒకే సాయంత్రం రోడ్డు మీద కలుస్తారు. దీపావళికి మళ్లీ రద్దీ.

గుడి చుట్టూ ఊరు మారింది. 1986 నుంచి గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్ వేసవిలో ఈ పక్కంతా మామిడి వాసన నింపేది. అమ్మవారి పళ్లేనికి పండు కోసం దూరం పోనక్కర్లేకపోయేది. 2021లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. అంతకుముందు మియాపూర్ వైపు నుంచి రెండు బస్సులు మారి, సగం రోజు చేతిలో పెట్టుకుని వచ్చే ముసలివాళ్లు ఇప్పుడు పొద్దున దర్శనం చేసుకుని భోజనం వేళకు ఇల్లు చేరుతున్నారు. తిరుమలకో విజయవాడకో వెళ్లినట్టు మూటాముల్లె సర్దుకోవలసిన యాత్ర కాదిది. ఆఫీసు నుంచి వస్తూ, బజారుకు పోతూ రోడ్డు తిరిగితే చాలు. అంతమాత్రాన ఇది చిన్న యాత్ర కాదు: నెలకు నాలుగు శుక్రవారాలు, ఏళ్ల తరబడి అదే కమాన్ కింద నుంచి నడిచినవాళ్లు మొత్తం ఎన్ని ఆమడలు నడిచారో కమాన్‌కు తెలుసు.

రాత్రి గుడి తలుపులు మూశాక మెయిన్‌రోడ్డు మీద విజయవాడ బస్సులు ఎల్బీనగర్ వైపు వరసకడతాయి. కొత్తపేట దాటుతుండగా కిటికీ పక్క కూర్చున్నవాళ్లు గుడివైపు తిరిగి, చేతివేళ్లు కళ్లకు అద్దుకుంటారు. పక్కసీట్లో నిద్రపోతున్న పిల్లను లేపి దండం పెట్టిస్తారు. బస్సు ఆగదు. దిగకుండా వెళ్లిన ఆ దండాన్ని కూడా కమాన్ దర్శనాల్లోనే లెక్కవేస్తుంది.